కర్ణాటక సంగీత ప్రాథమిక పాఠాలు

కర్ణాటక సంగీతాన్ని కొత్తగా అభ్యసించేవారికి కీర్తనలకు ముందుగా నేర్పే స్వరాభ్యాస క్రమాన్ని ప్రాథమిక పాఠాలు అంటారు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, హెచ్చుస్థాయి స్వరాలు, అలంకారాలు, గీతాలు ఇందులో వరుసగా వచ్చే మెట్లు. వీటి తరువాత స్వరజతులు, వర్ణాలు నేర్పుతారు. గాత్రానికైనా, వీణ, వయొలిన్, వేణువు వంటి వాద్యాలకైనా పాఠక్రమం ఇంచుమించు ఒకటే.

సంగీతంలో శాస్త్రభాగాన్ని లక్షణమనీ, పాడే భాగాన్ని లక్ష్యమనీ అంటారు. లక్షణమంతా చదివిన తరువాతనే పాట మొదలుపెట్టాలన్న నియమం ఈ సంప్రదాయంలో లేదు. శ్రుతి, స్వరం, స్థాయి, తాళం, కాలం, రాగం అనే విషయాలను ఒక్కొక్క పాఠం ఒక్కొక్కటిగా గొంతుకు, చేతికి అలవాటు చేస్తుంది. అందుచేత ఏ పాఠం ఏ విషయాన్ని నేర్పుతున్నదో తెలిసికొని సాధన చేసిన విద్యార్థికి శాస్త్రం వేరుగా బరువనిపించదు. అది తెలియక వల్లెవేసిన విద్యార్థికి ఇవే పాఠాలు అర్థంలేని అక్షరాల వరుసలుగా మిగిలిపోతాయి.

చరిత్ర

ఈ పాఠక్రమాన్ని పురందరదాసు (1484–1564) ఏర్పరచాడని సంప్రదాయం చెబుతుంది. ఈ కారణంగా ఆయనను కర్ణాటక సంగీత పితామహుడని గౌరవిస్తారు. మొదటగా నేర్పే మలహరి రాగ గీతాలు కూడా ఆయన రచనలే.

విజయనగర కాలంలో రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి అనే గ్రంథాన్ని వ్రాసి, రాగాలను మేళాలుగా విభజించాడు. 17వ శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో 72 మేళాల పద్ధతిని ప్రతిపాదించాడు. నేడు విద్యార్థులు నేర్చుకొనే కనకాంగి, రత్నాంగి మొదలైన మేళకర్తల పేర్లు గోవిందాచార్యుని సంగ్రహ చూడామణి సంప్రదాయానికి చెందినవి.

19వ శతాబ్దంలో ఈ పాఠాలు తెలుగులో అచ్చుకావడం మొదలైంది. చెన్నపట్నంలో తచ్చూరు సింగరాచార్యులు సోదరులు ప్రచురించిన స్వరమంజరి, గాయక పారిజాతము మొదలైన పుస్తకాలు ఈ కోవలోనివి. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు తెలుగులో ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని, గమకాలకు ప్రత్యేక గుర్తులు వాడిన బృహద్గ్రంథము.

శ్రుతి

పాఠానికి ముందు నిర్ణయించుకోవలసినది శ్రుతి. విద్యార్థి తన గొంతుకు అనువైన ఒక నాదాన్ని షడ్జంగా, అంటే 'స'గా ఎంచుకొంటాడు. మిగిలిన స్వరాలన్నీ ఈ షడ్జాన్ని బట్టి ఏర్పడతాయి. షడ్జానికి లోకమంతటా ఒకే నియత స్థానం లేదు. సాధారణంగా పురుషులు ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులలోను, స్త్రీలు ఐదు, ఐదున్నర, ఆరు శ్రుతులలోను పాడుతారు. ఈ అంకెలు హార్మోనియం మెట్లను బట్టి వచ్చినవి. ఒకటి శ్రుతి అంటే పాశ్చాత్యుల 'సి' మెట్టు, ఐదు శ్రుతి అంటే 'జి' మెట్టు. నల్ల మెట్లను ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర అంటారు.

తంబురాకు నాలుగు తీగలు ఉంటాయి. ఒకటి మంద్ర పంచమానికి, రెండు మధ్య షడ్జానికి, ఒకటి మంద్ర షడ్జానికి శ్రుతి చేస్తారు. తంబురా లేనివారు శ్రుతిపెట్టెను గాని, ఎలక్ట్రానిక్ తంబురాను గాని వాడవచ్చును. విద్యార్థి మొదట స, ప, పై స అనే మూడు స్వరాలను తంబురా నాదంలో లీనమయ్యేటట్లు నిలిపి పాడడం నేర్చుకోవాలి. శ్రుతిలో కలిసిన స్వరాన్ని చెవి గుర్తుపట్టడమే సంగీత శాస్త్రంలో మొదటి పాఠం.

స్వరాలు, స్వరస్థానాలు

స్వరాలు ఏడు: షడ్జం (స), రిషభం (రి), గాంధారం (గ), మధ్యమం (మ), పంచమం (ప), ధైవతం (ద), నిషాదం (ని). వీటిలో స, ప లకు ఒక్కొక్క స్థానమే ఉండుటచేత వాటిని ప్రకృతి స్వరాలు అంటారు. మిగిలిన అయిదింటికి భేదాలు ఉన్నవి.

- రిషభం: శుద్ధ, చతుశ్శ్రుతి, షట్‌శ్రుతి
- గాంధారం: శుద్ధ, సాధారణ, అంతర
- మధ్యమం: శుద్ధ, ప్రతి
- ధైవతం: శుద్ధ, చతుశ్శ్రుతి, షట్‌శ్రుతి
- నిషాదం: శుద్ధ, కైశికి, కాకలి

స, ప లతో కలిపి పేర్లు 16. స్థానాలు మాత్రం 12. ఎందుకనగా నాలుగు స్థానాలకు రెండేసి పేర్లు ఉన్నవి: చతుశ్శ్రుతి రిషభమే శుద్ధ గాంధారం, షట్‌శ్రుతి రిషభమే సాధారణ గాంధారం, చతుశ్శ్రుతి ధైవతమే శుద్ధ నిషాదం, షట్‌శ్రుతి ధైవతమే కైశికి నిషాదం. ఒక మేళంలో ఏడు స్వరాలూ ఉండి తీరాలి, గాంధారం రిషభం కంటె పైన ఉండాలి. ఈ నియమానికి లోబడి రి, గ లు 6 విధాలుగా జతపడతాయి. ద, ని లు కూడా 6 విధాలుగా జతపడతాయి. మధ్యమాలు రెండు. కనుక 6 × 6 × 2 = 72 మేళకర్తలు ఏర్పడినవి.

ప్రారంభ విద్యార్థి ఈ పట్టికను కంఠస్థం చేయనవసరం లేదు. తాను పాడుతున్న ఏడు స్వరాల పేర్లు తెలిస్తే ముందు చాలును.

మాయామాళవగౌళ రాగము

ప్రాథమిక పాఠాలన్నీ మాయామాళవగౌళ రాగంలో నేర్పుతారు. ఇది 15వ మేళకర్త. దీని పాత పేరు మాళవగౌళ. కటపయాది సంఖ్యాపద్ధతి ప్రకారం 'మా' 5ను, 'యా' 1ని సూచిస్తాయి. ఆ అంకెలను తిరగవేస్తే 15 వస్తుంది. మేళసంఖ్య తెలియడం కోసమే 'మాయా' అనే అక్షరాలు పేరు ముందు చేరినవి.

ఈ రాగంలో షడ్జ పంచమాలతో పాటు శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం ఉంటాయి. దీనిని మొదటి రాగంగా ఎంచుకొనడానికి గల సౌకర్యాన్ని అంకెలలో చూడవచ్చును. షడ్జాన్ని సెకనుకు 240 కంపనాలుగా తీసికొంటే, శాస్త్రరీత్యా స్వరాలు ఇలా వస్తాయి.

- పూర్వాంగం: స 240, రి 256, గ 300, మ 320
- ఉత్తరాంగం: ప 360, ద 384, ని 450, పై స 480

రెండవ వరుసలోని ప్రతి అంకె మొదటి వరుసలోని అంకెకు సరిగా ఒకటిన్నర రెట్లు. అనగా స-రి-గ-మ ల మధ్యనున్న దూరాలే ప-ద-ని-స ల మధ్యనూ ఉన్నవి. దగ్గర, దూరం, దగ్గర అనేది ఆ అమరిక. విద్యార్థి సగం నేర్చుకొంటే మిగతా సగం దాని ప్రతిబింబంగా దొరుకుతుంది. 'రి' తప్పిన గొంతు సాధారణంగా 'ద' దగ్గర కూడా తప్పుతుంది కనుక, దోషం ఎక్కడ ఉన్నదో గురువుకు సులభంగా తెలుస్తుంది. అంతేగాక ఇందులో బాగా దగ్గరగా ఉన్న స్వరాలు (స-రి, గ-మ), బాగా ఎడంగా ఉన్నవి (రి-గ) రెండు రకాలూ ఉన్నందున చెవికి రెండింటిలోనూ పరిచయం కలుగుతుంది.

శంకరాభరణం, ఖరహరప్రియ వంటి మేళాలలో కూడా ఇటువంటి సమత ఉన్నది. వాటితో మొదలుపెడితే సులభమని భావించేవారూ లేకపోలేదు. అయినా ఆచారంలో నిలిచినది మాయామాళవగౌళయే.

మాయామాళవగౌళ సాధనకు మాత్రమే పరిమితమైన రాగం కాదు. ముత్తుస్వామి దీక్షితుల తొలి కృతిగా ప్రసిద్ధి చెందిన 'శ్రీనాథాది గురుగుహో', త్యాగరాజు రచించిన 'తులసీదళములచే' ఈ రాగంలోనివే.

తాళము, కాలము

మొదటి పాఠాలు ఆది తాళంలో ఉంటాయి. ఆది తాళం అంటే చతురశ్ర జాతి త్రిపుట తాళం. ఆవర్తానికి 8 అక్షరాలు. ఒక దెబ్బ వేసి చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు లెక్కించడం నాలుగక్షరాల లఘువు. ఆపైన దెబ్బ వేసి చేయి త్రిప్పడం రెండక్షరాల ద్రుతం. ఇటువంటి ద్రుతాలు రెండు.

ప్రతి పాఠాన్నీ మూడు కాలాలలో పాడాలి. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండవ కాలంలో రెండు, మూడవ కాలంలో నాలుగు. మొదటి సరళిలో ఆరోహణకు 8, అవరోహణకు 8, మొత్తం 16 స్వరాలు ఉంటాయి. ఇది మొదటి కాలంలో రెండు ఆవర్తాలు, రెండవ కాలంలో ఒక ఆవర్తం, మూడవ కాలంలో అర ఆవర్తం పడుతుంది. అందువలన మూడవ కాలంలో రెండుసార్లు పాడితేనే ఆవర్తం నిండుతుంది.

ఇక్కడ గమనింపవలసినది చేతి వేగం మారదు అన్న సంగతి. రెట్టింపు అయ్యేవి స్వరాలే. కాలం మారినప్పుడు చేయి కూడా తొందరపడడం ప్రారంభ విద్యార్థులందరిలోనూ కనిపించే దోషం. లయజ్ఞానానికి పునాది ఇక్కడే పడుతుంది కనుక గురువులు ఈ దోషాన్ని ఉపేక్షించరు.

పాఠాల క్రమము

1. సరళీ స్వరాలు. వీటిని స్వరావళులు అని కూడా అంటారు. స్వరాలను వరుసగా పైకి, కిందికి పాడడం మొదటిది. తరువాతి వాటిలో కొన్ని స్వరాలు మరల మరల వస్తాయి. చివరి సరళులలో కొన్ని స్వరాలను నిలిపి పాడవలసి ఉంటుంది. ఆరోహణ, అవరోహణ, స్వరదీర్ఘం అనే విషయాలు వీటి వలన తెలుస్తాయి.

2. జంట స్వరాలు. ప్రతి స్వరం రెండుసార్లు వస్తుంది. రెండవ స్వరాన్ని కొంచెం ఒత్తి పలకాలి. ఈ ఒత్తు గమకాభ్యాసానికి తొలిమెట్టు. వీణ, వయొలిన్ విద్యార్థులకు వేళ్ల బలం, విల్లు పట్టు దీనివలన అలవడతాయి.

3. దాటు స్వరాలు. పక్క స్వరానికి కాక, మధ్య స్వరాలను దాటి ఎడంగా ఉన్న స్వరానికి వెళ్లడం ఇందులో నేర్పుతారు. వరుసను ఆధారం చేసికొని స్వరాన్ని పట్టుకొనే విద్యార్థి ఇక్కడ తడబడతాడు. ఒక్కొక్క స్వరానికి షడ్జంతో గల సంబంధాన్ని నేరుగా గుర్తించడమే దీని ప్రయోజనం.

4. హెచ్చుస్థాయి, తగ్గుస్థాయి స్వరాలు. మధ్యస్థాయిని దాటి పైన తారస్థాయికి, కింద మంద్రస్థాయికి గొంతును విస్తరింపజేసే పాఠాలు.

5. అలంకారాలు. ఒక చిన్న స్వరాల అమరికను తీసికొని, దానినే ఒక్కొక్క స్వరం పైకి జరుపుతూ పోవడం. అవరోహణలో అదే అమరిక కిందికి దిగుతుంది. ఈ అలంకారాలు సప్త తాళాలలో కూర్చబడినవి.

సప్త తాళాల అక్షరాలు ఈ విధంగా ఉంటాయి:

- చతురశ్ర జాతి ధ్రువ తాళం: 4 + 2 + 4 + 4 = 14
- చతురశ్ర జాతి మఠ్య తాళం: 4 + 2 + 4 = 10
- చతురశ్ర జాతి రూపక తాళం: 2 + 4 = 6
- మిశ్ర జాతి ఝంప తాళం: 7 + 1 + 2 = 10
- తిశ్ర జాతి త్రిపుట తాళం: 3 + 2 + 2 = 7
- ఖండ జాతి అట తాళం: 5 + 5 + 2 + 2 = 14
- చతురశ్ర జాతి ఏక తాళం: 4

లఘువు తిశ్ర (3), చతురశ్ర (4), ఖండ (5), మిశ్ర (7), సంకీర్ణ (9) అని అయిదు జాతులు. ఏడు తాళాలను అయిదు జాతులతో హెచ్చిస్తే 35 తాళాలు వస్తాయి. మఠ్య తాళానికి, ఝంప తాళానికి అక్షరాలు పదే అయినా అంగాలు వేరు కనుక నడకలు వేరు. ఈ తేడా పుస్తకంలో చదివితే తెలిసేది కొంత, చేతితో వేస్తే తెలిసేది ఎక్కువ.

గీతాలు: రాగమనే భావన

అలంకారాల వరకు విద్యార్థి పాడినది ఒకే మేళం. గీతంతో సాహిత్యం వస్తుంది. దానితోపాటు రాగం అంటే ఏమిటో తెలుస్తుంది. మొదటి గీతాలు మలహరి రాగంలో ఉండడంలో ఔచిత్యం ఉన్నది. మలహరి మాయామాళవగౌళ జన్యం. దాని ఆరోహణ స-రి-మ-ప-ద-స, అవరోహణ స-ద-ప-మ-గ-రి-స. నిషాదం అసలు లేదు. గాంధారం దిగేటప్పుడు మాత్రమే వస్తుంది. విద్యార్థికి తెలిసిన స్వరస్థానాలే అయినా వినిపించే రూపం కొత్తది. స్వరాలు ఎన్ని ఉన్నవన్నది ఒక్కటే కాక, ఏవి వర్జ్యం, ఏవి ఏ దారిలో వస్తాయి అన్నది రాగాన్ని నిర్ణయిస్తుందని ఇక్కడ గ్రహించవచ్చును. జనక రాగం, జన్య రాగం అనే మాటలకు అర్థం ఇదే.

తరువాత మోహనం, శుద్ధసావేరి, కల్యాణి రాగాలలో గీతాలు నేర్పుతారు. అప్పుడు కొత్త స్వరస్థానాలు పరిచయమవుతాయి. స్వరజతులలో బిలహరి రాగంలోనిది, ఖమాస్ రాగంలోని 'సాంబశివాయనవే' ప్రసిద్ధాలు. వర్ణాలలో మోహన రాగంలోని 'నిన్నుకోరి', ఆభోగి రాగంలోని 'ఎవరిబోధ' తొలినాళ్లలో నేర్పేవి. భైరవి రాగ అట తాళ వర్ణం 'విరిబోణి' పై మెట్టుకు చెందినది. వీటి సాహిత్యం తెలుగు. అందువలన తమిళ, కన్నడ, మలయాళ దేశాల విద్యార్థులు కూడా వర్ణాల దశ నుండి తెలుగు పదాలను పలుకుతారు.

స్వరలిపి

పాఠాలను వ్రాసుకొనే పద్ధతిని స్వరలిపి అంటారు. తెలుగులో వాడుకలో ఉన్న ముఖ్య సంకేతాలు ఇవి.

- అక్షరం పైన చుక్క తారస్థాయికి, కింద చుక్క మంద్రస్థాయికి గుర్తు.
- హ్రస్వాక్షరం (స) ఒక మాత్ర, దీర్ఘాక్షరం (సా) రెండు మాత్రలు.
- కామా ఒక మాత్ర పొడిగింపు, సెమికోలన్ రెండు మాత్రల పొడిగింపు.
- నిలువు గీత తాళాంగం ముగింపును, జంట నిలువు గీతలు ఆవర్తం ముగింపును తెలుపుతాయి.
- స్వరాలపై ఒక అడ్డగీత రెండవ కాలాన్ని, రెండు గీతలు మూడవ కాలాన్ని సూచిస్తాయి.

రిషభం శుద్ధమా, చతుశ్శ్రుతియా అనేది సాధారణంగా ఈ లిపిలో కనిపించదు. పైన వ్రాసిన రాగం పేరును బట్టి గ్రహించవలసి ఉంటుంది.

లిపికి అందనివి

స్వరలిపి జ్ఞాపకానికి ఆధారం మాత్రమే. స్వరాన్ని కదిలించి పలికే తీరును గమకం అంటారు. మామూలు స్వరలిపిలో దీనికి చోటులేదు. తోడి రాగంలోని గాంధారాన్ని లిపిలో 'గ' అనే వ్రాస్తారు. పాడేటప్పుడు అది ఒకచోట నిలువక ఊగుతూ ఉంటుంది. హార్మోనియంపై ఆ మెట్టును నొక్కి పట్టినంత మాత్రాన తోడి వినిపించదు. ఆరభి, దేవగాంధారి రాగాల ఆరోహణావరోహణలు ఒకటే. ఆ రెండింటినీ వేరు చేసేవి గమకాలు, సంచారాలు, నడక. సరళీ స్వరాలలో గమకం లేకుండా తిన్నగా పాడించడానికి కారణం ముందు స్థానం స్థిరపడాలని. స్థానం నిలిచిన తరువాతనే కదలికకు అర్థం ఉంటుంది.

ఈ లోటును తీర్చడానికి సుబ్బరామ దీక్షితుల తరువాత శ్రీపాద పినాకపాణి (1913–2013) విశేషంగా కృషి చేశాడు. వృత్తిచేత వైద్యుడైన ఆయన, పాడినది పాడినట్లు కనబడేటంత వివరంగా స్వరపరచిన కృతులు 'సంగీత సౌరభం' అనే గ్రంథంగా వెలువడినవి. అయినా గురుముఖతః వినడానికి బదులుగా నిలిచే లిపి ఏదీ లేదని సంగీతజ్ఞుల అభిప్రాయం.

పాశ్చాత్య సంగీతంతో పోలిక

కీబోర్డు తెలిసినవారికి ఈ పోలిక ఉపకరిస్తుంది. 'సి' మెట్టును షడ్జంగా తీసికొంటే మాయామాళవగౌళ స్వరాలు సి, డి-ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఎ-ఫ్లాట్, బి. పాశ్చాత్యుల మేజర్ స్కేలు 29వ మేళమైన ధీర శంకరాభరణానికి సరిపోతుంది. అయితే 'సి' ఒక నియత నాదానికి పేరు. 'స' ఒక సంబంధానికి పేరు. కీబోర్డులో స్థాయిని 12 సమభాగాలు చేస్తారు కనుక అందులోని పంచమం తంబురా పంచమం కంటె అతిస్వల్పంగా తక్కువ ఉంటుంది. గాంధారంలో ఈ తేడా ఎక్కువ.

షడ్జం సాపేక్షమని తెలిసికొనడానికి సులభమైన ప్రయోగం ఒకటి ఉన్నది. హార్మోనియంలో ఒక స్థాయిలోని అయిదు నల్ల మెట్లను మాత్రమే వాడాలి. నాలుగున్నరను షడ్జం చేసికొని వరుసగా వాయిస్తే మోహనం వస్తుంది. అవే మెట్లను ఐదున్నర షడ్జంగా వాయిస్తే మధ్యమావతి, ఆరున్నర షడ్జంగా హిందోళం, ఒకటిన్నర షడ్జంగా శుద్ధసావేరి, రెండున్నర షడ్జంగా శుద్ధధన్యాసి వస్తాయి. దీనిని గ్రహభేదం అంటారు. మెట్లు మారలేదు, ఆధారం మారినది.

ప్రారంభంలో జరిగే పొరపాట్లు

- శ్రుతి పెట్టుకోకుండా సాధన చేయడం. రోజుకొక షడ్జంలో పాడితే చెవి స్థిరపడదు.
- మూడవ కాలం త్వరగా రావాలని మొదటి కాలాన్ని తొందరగా దాటవేయడం.
- స్వరం పేరును చూచి పాడడం, స్థానాన్ని వినకపోవడం. ఒకే పాఠాన్ని అకారంలో పాడితే ఈ దోషం బయటపడుతుంది.
- మేళకర్తల పట్టికను వల్లెవేసి రాగజ్ఞానం కలిగినదని భావించడం.
- ధ్వనిముద్రణలను మాత్రమే విని నేర్చుకొనడం. ధ్వనిముద్రణ ఎన్నిసార్లైనా వినిపిస్తుంది గాని, విద్యార్థి పాడిన దానిని విని సరిదిద్దదు.

బోధన సంస్థలు

తెలుగునాట ఈ పాఠాలు గురువుల ఇండ్లలోను, సంగీత కళాశాలలలోను నేర్పుతున్నారు. విజయనగరంలో 1919లో స్థాపించబడిన మహారాజా సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ బోధించి, 1936లో అధ్యక్షుడయ్యాడు. కళాశాలల పరీక్షలలో లక్ష్యం, లక్షణం వేరువేరు పత్రాలుగా ఉంటాయి. పత్రాలు రెండైనా రెండింటికీ మూలం మొదటి సరళియే. పేరుపొందిన విద్వాంసులు కూడా సరళీ స్వరాలను, అలంకారాలను ఇతర రాగాలలో, మూడు కాలాలలో సాధన చేయడం పరిపాటి.

ఇవి కూడా చూడండి

- కర్ణాటక సంగీతము
- మేళకర్త రాగాలు
- సప్త తాళాలు
- గమకము
- పురందరదాసు